ఊకొట్టిన పైపు

శంకరయ్యను నా బండి మీద ఎక్కించుకుని చేవెళ్లలో సైదులు పైపుల దుకాణానికి వెళ్ళాను. ఏ పనికి పైపు అని సైదులు అడిగాడు. శంకరయ్య నోరు తెరవలేదు. ఆ నోరు మూతపడి ఉండగా చూసినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. నేనే చెప్పాను, వాగులోంచి ఇసుక పీల్చాలని.

సైదులు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇసుక దందా చేసేవాళ్ళు ట్రాక్టరు మీద వస్తారు. శంకరయ్య గడ్డం మాసి ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు.

"ఇసుక గాదు. దాంట్ల బంగారం ఉన్నది," అన్నాడు శంకరయ్య అప్పుడు.

"మన ఈసీ వాగుల బంగారమా? గట్లుంటే నేను గీ పైపులు ఎందుకమ్ముకుంట పెద్దమనిషి," అని సైదులు నవ్వాడు.

"నా పెండ్లాం ముక్కుపుల్ల," అన్నాడు శంకరయ్య.

సైదులు నవ్వు దించడం తెలియక కాసేపు ముఖం మీదే ఉంచుకున్నాడు. తర్వాత ఫ్యాను మా వైపు తిప్పి లోపలికి పోయాడు, పైపులు తేవడానికి.

మాది చేవెళ్లకూ మొయినాబాదుకూ నడుమ, వాగు ఒడ్డు ఊరు. శంకరయ్య చేనూ నా చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ. చుట్టూ చేలల్లో ప్లాట్ల రాళ్ళు మొలిచాయి. మా ఇద్దరివి ఇంకా టమాటకూ గోబీకీ మిగిలాయి. గట్టు ఇవతల నేను పని చేసుకుంటుంటే అవతల నుంచి శంకరయ్య మాట వినబడుతూనే ఉండేది. ఎవరు భూమి అమ్మారు, మోకిలలో ఎవరు మేడ లేపారు, షాబాదులో ఎవరి ఎద్దు బెదిరి ఎవరి కొట్టులో దూరింది, అన్నీ భార్యకు చెప్పేవాడు. ఆమె పేరు బాలనర్సమ్మ. ఆమె వంగి కలుపు తీస్తూ ఊకొట్టేది. అంతే, వేరే మాట ఉండేది కాదు. ఆ 'ఊఁ' ముక్కులోంచి వచ్చేది, కింద మొదలై చివర కొంచెం పైకి లేచేది. ఆయన మాట నడుమ ఆగితే 'ఊఁ?' అని సాగదీసేది, తర్వాత ఏమైందన్నట్టు. శంకరయ్య రేడియో, బాలనర్సమ్మ బ్యాటరీ అని కూలి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేను మాట్లాడేది తక్కువ. వాళ్ళిద్దరి మాట వింటూనే నా పొద్దు గడిచేది.

వానలు వెనకబట్టాక ఒకరోజు ఆమె కలుపు తీస్తూ తీస్తూ గుండె పట్టుకుని కూర్చుంది. దవాఖానకు తీసుకుపోతుంటే ఆటోలోనే పోయింది. తాను పోతే తన ఎర్ర రాయి ముక్కుపుల్ల తీసి బిడ్డకు పెట్టమని ఆమె ఎన్నోమార్లు అంటుండేది. ఆమె పెద్దమాట ఏదైనా ఉందంటే అదొక్కటే. తీయబోతే మర పట్టేసింది. కూతురు నీలవేణి తల్లి మీద పడి, అవ్వ ముక్కుకు నొప్పి చేయొద్దని ఏడ్చింది. పొద్దు గూకుతోందని పెద్దలు తొందరపెట్టారు. ముక్కుపుల్ల ఆమెతోటే కాష్ఠం మీదికి పోయింది. కాష్ఠం చల్లారాక బొక్కలు, అంటే ఎముకలు, ఏరే రోజు బూడిదను చాటలో చెరిగి చూశారు. దొరకలేదు. మిగిలిన బూడిదను ఎప్పటిలాగే వాగులోకి నెట్టారు.

అసలు దిగులు తర్వాత మొదలైంది. పిట్టకు పెట్టారు. ఆమె ఇష్టంగా తినే ఎండు చింతచిగురు పప్పు, అన్నం విస్తరిలో పెట్టి దూరంగా నిలబడ్డారు. కాకులు వచ్చాయి. విస్తరి చుట్టూ వాలాయి, మెడలు వంచి చూశాయి, ముట్టలేదు. ఇంకోనాడు మళ్ళీ పెట్టారు. మళ్ళీ అంతే. పోయినవాళ్ళకు కోరిక మిగిలితే పిట్ట ముట్టదంటారు. పెద్దకర్మ నాడు కూడా ముట్టకపోతే ఆమె ఇక్కడిక్కడే ఆకలితో తిరుగుతుందని శంకరయ్య మనసులో పడింది. ఆలోపు ముక్కుపుల్ల తీసి నీలవేణి చేతిలో పెట్టాలి. ఆయనకు ఇంకే ధ్యాసా లేదు.

మాది క్రైస్తవ కుటుంబం. మేము పాతిపెడతాం, ఆదరణ కూడిక పెట్టుకుంటాం, పాటలు పాడుకుని అన్నం తిని ఇండ్లకు పోతాం. పోయినవాళ్ళు ప్రభువు దగ్గర నిద్రలో ఉంటారని, మన మాట వాళ్ళకు వినబడదని మా చర్చి అయ్యగారు చెబుతాడు. నేనూ అట్లే అనుకుంటాను. అయినా శంకరయ్య ఫోను పట్టుకుని నా గడపలోకి వచ్చి, ఏదో దేశపు నదిలో మనుషులు పైపుతో ఇసుక పీల్చి బంగారం తీసే వీడియో చూపించినప్పుడు కాదనలేకపోయాను. ఊళ్ళో మోటార్లూ ఇంజన్లూ బాగుచేసేది నేనే.

నా పెట్రోలు ఇంజను ఉండనే ఉంది. మొయినాబాదులో వెల్డింగు చేయించి ఒక రేకు పెట్టె, ఒక జెట్టు తెచ్చాను. ఇంజను నీళ్ళను జెట్టులోకి కొడుతుంది. ఆ ఊపుకు పైపు అడుగు నుంచి ఇసుకను గుంజుకుంటుంది. ఇసుక పెట్టెలోని రబ్బరు మ్యాటు మీదుగా పారి మళ్ళీ వాగులో పడుతుంది, బరువైనది మ్యాటులో ఆగుతుంది. పైపు ఒక్కటే కొనాలి.

సైదులు తెచ్చి పడేసిన వాటిలో శంకరయ్య మొదట చుట్ట చుట్టిన చప్పట పైపును పట్టుకున్నాడు. చేనుకు నీళ్ళు పారించేది అదే కాబట్టి చెయ్యి దాని మీదికి పోయింది.

"అది కొట్టేటందుకు, పీల్చేటందుకు గాదు," అన్నాడు సైదులు. బుగ్గలు లోపలికి గుంజి, పీలిస్తే ఎట్లా అతుక్కుపోతుందో చూపించాడు.

మిగిలినవి రెండు. ఒకటి గాజులాగా తెల్లగా ఉంది, గోడలో ఉక్కు తీగ చుట్టలు తిరిగి ఉంది. వేలు పెట్టి చూశాను. లోపల నున్నగా ఉంది. రెండోది పచ్చ పైపు, బావుల మీద అందరూ వాడేది. దానికి బయటా లోపలా గాళ్ళే. వేలు పెడితే గాడి గాడికీ ఆగింది. నీళ్ళకైతే ఏదైనా ఒకటే. బంగారం ఇసుక కన్నా ఎన్నో రెట్లు బరువు. నున్నటి దారిలో కొట్టుకుపోతుంది, గాళ్ళ దారిలో ప్రతి గాడిలో కూర్చుంటూ పోతుంది. పైపు మూతి కూడా పైపు కన్నా జర సన్నగా ఉండాలి, అప్పుడు మూతిలో పట్టిన రాయి నడుమ ఇరుక్కోదు. ఇదంతా శంకరయ్యకు చెప్పి, తెల్ల పైపు తీసుకుందామన్నాను.

ఆయన వినడం లేదు. పచ్చ పైపు ఒక కొస చేతిలో పట్టుకుని ఉన్నాడు. రెండో కొస ఫ్యాను ముందర పడి ఉంది.

"బిడ్డకు గా ముక్కుపుల్ల ఇస్తే చాలు, నాకేం వద్దు," అంటున్నాడు సైదులుతో.

పైపు 'ఊఁ' అంది.

కింద మొదలై చివర కొంచెం లేచింది. శంకరయ్య చేతిలోని కొసను చూశాడు. నేనూ చూశాను. సైదులు మామూలుగానే, గాళ్ళలోంచి గాలి పోతే గట్లనే మోగుతుందని, పిల్లలు ముక్క కోసుకుపోయి తిప్పి ఆడుకుంటారని చెప్పాడు. అది నిజమే. నాకూ తెలుసు.

శంకరయ్య కొసను చెవి దగ్గర పెట్టుకుని, నోటికి చేయి అడ్డం పెట్టి ఏదో చెప్పాడు. మళ్ళీ మోగింది.

"గిదే," అన్నాడు.

నేను మళ్ళీ చెప్పాను, ముక్కుపుల్ల కరిగి గింజంతే ఉంటుందని, ఈ పైపులో పడితే పెట్టెకు చేరదని. ఆయన అప్పటికే పైపును చుట్టగా చుట్టి భుజానికి వేసుకున్నాడు. కోసిన పైపు వాపసు తీసుకోనని సైదులు అన్నాడు. ఎవరు తెస్తారన్నట్టు శంకరయ్య చూశాడు.

మరునాడు పొద్దెక్కాక వాగులో దిగాము. బూడిద నెట్టిన చోట మోకాటి లోతు నీళ్ళు, అడుగున మెత్తటి ఇసుక. ఒడ్డున రెల్లు పూసి ఉంది. ఇంజను నేను చూసుకున్నాను, పైపు మూతి శంకరయ్య పట్టుకున్నాడు. ఇంజను నడిచినంతసేపూ ఏమీ వినబడదు. ఇసుక పైపులో గరగరమని పోతుంటే దాని వీపు మీద చేయి పెడితే తెలుస్తుంది. ఇంజను ఆపితే పైపులోని నీళ్ళు వెనక్కు జారతాయి. వాటి వెంట గాలి దూరుతుంది. అప్పుడు పైపు 'ఊఁ' అనేది.

శంకరయ్య మాటిమాటికీ ఇంజను ఆపమన్నాడు. మొదట అలసట అనుకున్నాను. తర్వాత చూస్తే, ఆపిన ప్రతిసారీ ఆయన పైపుకు ఏదో చెబుతున్నాడు. నీలవేణి వచ్చిందని, గోబీకి పురుగు పట్టిందని, ఎర్ర బర్రె మేత ముట్టడం లేదని. నీళ్ళు జారే చప్పుడు, దాని వెనక 'ఊఁ'. గాలే, అనుకున్నాను. గాలి సంగతి రెల్లును చూస్తే తెలుస్తుంది కాబట్టి రెల్లు వైపు చూస్తూ ఉన్నాను.

మధ్యాహ్నానికి మ్యాటులో నల్ల ఇసుక తప్ప ఏమీ పడలేదు. నీళ్ళన్నీ జారిపోయాక శంకరయ్య పైపు మూతిని ఒకచోట ఆనించి, "గీడ ఉన్నదా?" అని అడిగాడు. చప్పుడు లేదు. రెండు అడుగులు జరిగి మళ్ళీ అడిగాడు. లేదు. గుండ్రాయి పక్కన ఆనించి, "గీడనా మరి?"

"ఊఁ."

రెల్లు పూలు నిలబడినవి నిలబడినట్టే ఉన్నాయి. పైపులో నీళ్ళు కూడా లేవు. నేను ఇంజను తాడు లాగాను.

గుండ్రాయి పక్కన ఇసుక కింద బూడిద పొర ఉంది. పెట్టెలో నీళ్ళు తెల్లబడ్డాయి. మ్యాటు మీద బొగ్గు తునకలు, చిన్న చిన్న బొక్క ముక్కలు ఆగాయి. శంకరయ్య వాటిని ఒక్కొక్కటే ఏరి, కడిగి, తువ్వాలలో మూటకట్టాడు. బంగారం రాలేదు. పైపు ఒక చోట ఎత్తితే బరువు తేడాగా తగిలింది. గాళ్ళలో ఇసుక కూర్చుంది, ముక్కుపుల్ల కూడా అందులోనే ఉండాలి.

"అన్న, పైపు కోయాలె. గాళ్ళల్లనే ఉన్నది," అన్నాను.

ఆయన పైపును నా చేతిలోంచి తీసుకున్నాడు. కోస్తే ఇక మోగదు. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు. రేపు చూద్దామని చెప్పి, నీళ్ళు కారే పైపును భుజానికి వేసుకుని ఇంటికి నడిచాడు.

మరునాడు కూడా కోయలేదు. మళ్ళీ అడిగితే, పెద్దకర్మ ఇంకా ఉంది కదా అన్నాడు. ఒకరోజు పొద్దున్నే ఎరువు బస్తా కోసం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కొట్టంలో మాటలు వినబడి గుమ్మం బయటే ఆగాను. పైపును దూలానికి చుట్టలుగా వేలాడదీశాడు. ఒక కొస ఆయన మంచం దగ్గరికి దిగి ఉంది. నీలవేణి మొగుడు చందనవెల్లిలో కంపెనీ మారిన సంగతి చెబుతున్నాడు. ఆ కంపెనీలో అన్నం బాగుంటుందట, పెరుగు కూడా పోస్తారట. పైపు ఊకొట్టింది. కొట్టానికి కిటికీ లేదు. తలుపు సగం వేసి ఉంది. దూలం మీది సాలెగూడు కదలడం లేదు.

తలుపు సందులోంచి నన్ను చూసి శంకరయ్య మాట ఆపేశాడు. మేము ఒకరినొకరు చూసుకుంటూ ఉన్నాము. ఎర్ర బర్రె కూడా తల ఎత్తి ఉంది.

"ఊఁ?" అంది పైపు, సాగదీసి.

తర్వాత ఏమైంది, అని. గట్టు అవతల నుంచి నేను ఎన్నో ఏండ్లు విన్న 'ఊఁ' అది. నాలుకతో కాకుండా మనసులో 'ప్రభువా' అనుకున్నాను. ఎరువు బస్తా అడగకుండానే వచ్చేశాను.

పెద్దకర్మ వాగు ఒడ్డునే చేశారు. చుట్టాలు వచ్చారు, షాబాదు నుంచి నీలవేణి అత్తింటివాళ్ళు వచ్చారు. కర్మకాండ తెలిసిన సంగయ్య అన్నీ దగ్గరుండి చేయించాడు. విస్తరి పెట్టి, అగరొత్తులు వెలిగించి అందరం వెనక్కు జరిగాము. కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒకటి కిందికి దిగి, విస్తరి దాకా నడిచి, ఆగి, వెనక్కు ఎగిరిపోయింది. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలికి ఏడవడం మొదలుపెట్టారు. ఆడవాళ్ళు తలా ఒక మాట అన్నారు. చిన్నప్పుడు ఆమె అడిగితే పెట్టనిది ఏమన్నా ఉందా అని ఒకామె, నెయ్యి పోయలేదని ఇంకొకామె. సంగయ్య నా దగ్గరికి వచ్చి, ఇంకా ముట్టకపోతే ఆవుకు పెట్టి కానిచ్చేద్దామని, అయితే మనిషి ఇక్కడి నుంచి పోయినట్టు మాత్రం కాదని మెల్లగా చెప్పాడు.

నీలవేణి నా పక్కనే ఉంది. విన్నది. మనిషి బాగా నలిగిపోయి ఉంది. అవ్వ ఆకలైందని గిన్నెలు వెతుకుతున్నట్టు రోజూ కల వస్తోందని పొద్దున నాతో చెప్పింది. పైపులో ఏముందో నిజం చెప్పమని నన్ను అడిగింది. చెప్పాను.

ఆమె ఇంటికి పోయి, పైపు చుట్టను ఈడ్చుకుంటూ వచ్చి తండ్రి ముందర పడేసింది.

"బాపు, కొయ్యి."

"కోస్తే మల్ల మాట్లాడది బిడ్డ," అన్నాడు శంకరయ్య.

"మాట్లాడుట్ల ఏమున్నది బాపు. తినక ఎన్నొద్దులాయె అవ్వ."

"నీకు గా పుల్ల కావాల్నా?"

"నాకెందుకు పుల్ల. అవ్వను పోనియ్యి."

చుట్టాలకు సంగతి ఏమిటో అర్థం కాలేదు. దగ్గరికి జరిగి చూస్తున్నారు. శంకరయ్య కింద కూర్చుని పైపు కొసను ఒళ్ళోకి తీసుకున్నాడు. పదిమంది ముందర సిగ్గుపడుతున్నవాడిలా తల వంచాడు.

"నర్సు. పోతవా మరి?"

నేను అగరొత్తుల వైపు చూశాను. పొగ నిట్టనిలువుగా లేస్తోంది, దారం వేలాడదీసినట్టు. రెల్లు కదలలేదు. తీగ మీద కాకులు కూడా కదలలేదు. చాలాసేపు ఏమీ లేదు. నీలవేణి ఊపిరి వినబడుతోంది.

"ఊఁ," అంది పైపు.

అందరూ విన్నారు. నీలవేణి ఉన్నచోటే కూలబడింది. సంగయ్య కూడా నాలాగే ముందు పొగ వైపు చూశాడు, తర్వాత తన కాళ్ళ వైపు.

శంకరయ్య నా కొడవలి అడిగి తీసుకున్నాడు. నేను కోస్తానంటే వద్దన్నాడు. మూతి నుంచి మొదలుపెట్టి పొడుగునా కోసుకుంటూ పోయాడు. లోపలి గట్టి చుట్టు ప్రతి జానెడుకూ కొడవలికి అడ్డం పడింది. ఆయన ఆగి, చుట్టు తెంపి, మళ్ళీ కోశాడు. కోసినంత మేర విప్పి బేసిన్‌లో కడిగాము. గాడి గాడికీ నల్ల ఇసుక, బూడిద. సగం దాటాక ఒక గాడిలో పచ్చగా కనబడింది. జొన్నగింజలో సగం కూడా లేదు. ఎర్ర రాయి కరిగి దాని పక్కన మరకలాగా అంటుకుని ఉంది. గోరుతో తీసి, తువ్వాలతో తుడిచి నీలవేణి అరచేతిలో పెట్టాడు.

ఆమె గుప్పిట మూసేలోపే కాకులు దిగాయి. ఒకటి కాదు, అన్నీ. విస్తరి చిరిగింది, మెతుకు మిగలలేదు. చుట్టాలంతా ఒక్కసారి ఊపిరి వదిలారు. ఒకామె ఏడ్చింది, పిల్లలు నవ్వారు, స్నానాలకు నీళ్ళు తోడమని ఎవరో కేకేశారు. నీలవేణి అరచేతిని కండ్లకు అద్దుకుని తండ్రి కాళ్ళు మొక్కింది. ఆమె ముఖం అప్పటికప్పుడే తేటబడింది. సంగయ్య నా భుజం తట్టి, మనిషి పోయింది, ఇక ఫికర్ లేదన్నాడు.

భోజనాలకు బంతి కూర్చున్నారు. శంకరయ్య కనబడలేదు. వెతికితే వాగు గట్టు మీద, నీళ్ళకు ఎదురుగా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పైపు ఆయన పక్కన పొడుగునా చీలి, వెల్లకిలా పడి ఉంది. దాంట్లో ఇక గాలి ఆగే చోటు లేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను. పిట్ట ముట్టింది కదా అన్న, అన్నాను. ఆయన నా వైపు తిరగలేదు.

కొంతసేపటికి శంకరయ్య, "ఊఁ," అన్నాడు.

నాకు జవాబు అనుకున్నాను. అయితే నా మాట ఎప్పుడో అయిపోయింది. మళ్ళీ కొంతసేపటికి, "ఊఁ." గొంతు ఆయనదే. నేను ఆయన నోటి నుంచి అట్లాంటిది ఇంతవరకూ వినలేదు. ఒక 'ఊఁ'కూ ఇంకో 'ఊఁ'కూ నడుమ ఖాళీ ఒక్క తీరుగా లేదు. ఒకసారి వెంటనే వచ్చింది, ఒకసారి చాలాసేపు పట్టింది. ఒకచోట ఆయన పెదవి పక్కన నవ్వు వచ్చింది. ఇంకొకచోట నిజమేనా అన్నట్టు కనుబొమ్మలు లేచాయి, తల మెల్లగా ఊగింది. నీళ్ళ మీది నుంచి కళ్ళు తీయలేదు. నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

గట్టు కింద నుంచి నీలవేణి పిలిచింది. "బాపు, అందరు తిన్నరు. జర వచ్చి రెండు ముద్దలు తిను."

శంకరయ్య ఆమె వైపు చూడకుండానే చెయ్యి ఎత్తాడు, మాట నడుమ ఎవరైనా అడ్డం వస్తే ఆగమన్నట్టు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. తల కొంచెం ముందుకు వంచి, చెవి వాగు వైపు పెట్టాడు.